సూది గుచ్చుకుంటే ఆయమ్మకు దిక్కెవరు?

బాపట్ల జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి,

భట్టిప్రోలు చుట్టుపక్కల చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేసే ఆయాలు, స్వీపర్ల గురించి ఈ లేఖ.

వాడిన సూదులు చిల్లు పడని తెల్ల డబ్బాలో వేయాలి. సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, ఏటా వైద్య పరీక్షలు చేయించాలి. ఇవి 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు. నేను చూసిన ఒకచోట సూదులు, నెత్తుటి దూది, కట్లు అన్నీ ఒకే బకెట్లో ఉన్నాయి. ఆయమ్మ వట్టి చేతులతో ఎత్తుతోంది. గుచ్చుకుంటే డెట్టాల్ రాసుకుని మళ్లీ పనిలోకి. గ్లవ్స్ అడిగితే ఉద్యోగం పోతుందని భయం. (రోగి బిల్లులో మాత్రం గ్లవ్స్ ఖర్చు ఉంటుంది!)

నర్సింగ్ హోముల రిజిస్ట్రేషన్‌కు కాగితాలు చూస్తే చాలదండీ. చెప్పకుండా తనిఖీకి రండి. టీకాల రిజిస్టరు అడగండి, యజమాని లేనప్పుడు ఆయాలతో మాట్లాడండి. లోపాలుంటే నెల గడువుతో నోటీసిచ్చి, దాన్ని ఆస్పత్రి గుమ్మం దగ్గరే అంటించండి.

ఇట్లు,
భట్టిప్రోలు వాసి