గురి తప్పింది పిల్లా, బాణమా?

ఆగస్టు 9 వచ్చిందంటే అందరికీ మన విల్లంబులు గుర్తుకొస్తాయి. మన పిల్లల తలకు నెమలి ఈక కట్టి, భుజానికి వెదురు విల్లు తగిలించి వేదిక మీద నిలబెడతారు. వచ్చిన పెద్దలు ఫోటో దిగి, "మీరు పుట్టుకతోనే విలుకాళ్ళు" అని పొగిడి పోతారు. ఆ మాటకు 20 ఏళ్ళుగా చప్పట్లు కొట్టిన పంతుళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇక కొట్టను.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఆశ్రమ పాఠశాలకు ఒక పెట్టె వచ్చింది. అందులో చిన్న విల్లులు, నల్లగా నిగనిగలాడే కార్బన్ బాణాలు ఒక డజను. అన్నీ ఒకే పొడవు, ఒకే గట్టిదనం. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి చేసిచ్చిన వెదురు విల్లుతో చెట్టు మీది చింతకాయను కొట్టే పిల్ల. ఈ కొత్త బాణం మాత్రం ఎన్నిసార్లు వేసినా ఎడమకే పోయింది. ఎంపికకు వచ్చినాయన కాసేపు చూసి, "ఈ పిల్లకు గురి లేదు" అని రాసుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ విల్లు ముట్టలేదు.

నాకు ఆలస్యంగా తెలిసింది. విల్లు బలానికి మించి బాణపు పుల్ల గట్టిగా ఉంటే, కుడిచేత్తో నారి లాగేవారి బాణం ఎడమకు పోతుంది. తప్పు బాణాలు కొన్నవారిది, తెలుసుకోని నాది. శిక్ష పడింది పిల్లకు.

ఇదేమైనా మనకు తెలియని విద్యా? మా తాత విల్లును చూసి పుల్ల ఏరేవాడు. సెగకు కాచి, ఒక కన్ను మూసి చూసుకుంటూ వంకర తీసేవాడు. పెద్దవాడి బాణం పిల్లవాడికి ఎన్నడూ ఇవ్వలేదు. చైత్రంలో ఇటుకల పండుగకు మా ఏజెన్సీ మగవాళ్ళు ఆ బాణాలతోనే వేటకు పోయేవారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది. అడవిలో చోటు పోయిన విల్లుకు మిగిలింది ఆటస్థలమే. అక్కడా మనకు కొలత లేని బాణమే ఇస్తారా?

అందుకే కార్బనా, అల్యూమినియమా అని అడిగేవారికి నా జవాబు ఇది. నేర్చుకునే పిల్లకు అల్యూమినియం ఇవ్వండి. అది బరువే, నిజం. కానీ ధర తక్కువ. వంగితే మా తాత పుల్లలాగే సరిచేసుకోవచ్చు. వంగిన సంగతి కంటికి కనిపిస్తుంది కూడా. కార్బన్ అలా కాదు. వంగదు, చీలుతుంది. సన్నని పగులు కంటికి ఆనదు. వేసే ముందు ప్రతిసారీ వంచి, చిటపట వినిపిస్తుందేమో చూడాలి. పగిలిన బాణాన్ని వదిలితే చీలికలు చేతిలో దిగుతాయి. ఇది చెప్పేవాడు లేని బడికి ఆ పెట్టె పంపడం పిల్లల చేతులతో ఆడుకోవడమే.

"పోటీల్లో అందరూ కార్బనే కదా" అంటారు. అవును. ఒలింపిక్స్‌లో దూరం 70 మీటర్లు. అంత దూరానికి తేలికైన, సన్నని కార్బన్ బాణమే కావాలి. అక్కడికి చేరిన పిల్లకు అది ఇవ్వాల్సిందే. అప్పుడు మాత్రం ఖర్చని వెనకాడకండి.

మనవాళ్ళలోనే కొందరు "మనకు వెదురు చాలు, అదే మన సంస్కృతి" అంటారు. వెదురు విల్లు పోటీ ఇండియన్ రౌండ్‌గా మన దేశంలో ఉంది. కానీ ఆ విల్లుతో ఒలింపిక్స్‌కు పోలేరు. రాజస్థాన్ ఆదివాసీ లింబా రామ్ వెదురు విల్లుతో పెరిగినవాడే. 1987లో ఎంపికై, ఆధునిక విల్లు చేతికొచ్చి, శిక్షణ దొరికాక 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆడాడు. పుట్టుక ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

పిల్ల పెరుగుతుంది, చేయి సాగుతుంది, విల్లు బలం పెరుగుతుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లైనా కొలిచి బాణం మార్చాలి. బడికొక పంతులుకైనా ఈ శిక్షణ ఇవ్వాలి. బాణం కొలవకుండా పిల్లకు గురి లేదని ఎవరూ రాయకూడదు.

వచ్చే ఆగస్టు 9న మా బడికి వచ్చే పెద్దలను ఒక్కటే అడుగుతాను. ఈ పిల్ల బాణం పొడవెంతో చెప్పండి. చెప్పలేకపోతే ఆమె భుజాన విల్లు పెట్టి ఫోటో దిగకండి.