పిల్లలకు చెప్పని దావీదు

వేసవి సెలవులు రాగానే మన చర్చిల్లో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) మొదలవుతుంది. పాటలు, యాక్షన్లు, కంఠత వాక్యాలు, చివరి రోజు ప్రోగ్రాం, బహుమతులు. ఆ ప్రోగ్రాంలో ఇలాంటి స్కిట్ ఒకటి తప్పకుండా ఉంటుంది. నల్ల చున్నీ కప్పుకున్న పాప భయం, తెల్ల గౌను తొడుక్కున్న పాప విశ్వాసం. ఇద్దరూ ఒక బుడ్డోడిని చెరో చెయ్యి పట్టుకుని లాగుతుంటారు. వాడు నల్ల చున్నీని విదిలించుకుని రెండో వైపు పరుగెత్తగానే చప్పట్లు. విశ్వాసం ఉన్నచోట భయం ఉండదు, భయం ఉందంటే విశ్వాసం లేనట్టే, రెండింట్లో ఒకటి ఎంచుకో అన్నది పాఠం. పాస్టర్లు, టీచర్లు, తల్లిదండ్రులు అందరూ తలూపే పాఠం ఇది. ఇది బైబిలు కథలకు చేస్తున్న అన్యాయం, పిల్లలకు చేస్తున్న అంతకన్నా పెద్ద అన్యాయం అని నా వాదన.

ఈ పాఠానికి ఆస్థాన కథ దావీదు, గొల్యాతులది. మొదటి సమూయేలు 17వ అధ్యాయం. ఏలా లోయ, అయిదు నున్నటి రాళ్లు, వడిసెల. సౌలు సైన్యం భయపడింది, కాబట్టి ముందుకు కదల్లేదు. దావీదు భయపడలేదు, కాబట్టి గెలిచాడు. అక్కడితో పుస్తకం మూసేస్తాం. మూయకుండా నాలుగు అధ్యాయాలు ముందుకు వెళ్తే ఇదే దావీదు సౌలుకు దడిసి పారిపోతూ కనిపిస్తాడు. నోబులో యాజకుణ్ణి ఆకలికి రొట్టెలు అడుగుతాడు, చేతిలో పెట్టుకోవడానికి ఆయుధం అడుగుతాడు. అక్కడున్న కత్తి ఒకటే, అదీ గొల్యాతుది. అది పుచ్చుకుని గాతుకు వెళ్తాడు. గాతు ఎవరి ఊరనుకున్నారు? గొల్యాతు ఊరు. రాజు ఆకీషు సేవకులు తనను గుర్తుపట్టారని తెలియగానే దావీదుకు విపరీతమైన భయం వేసిందని గ్రంథం ఏ మొహమాటమూ లేకుండా చెబుతుంది. పిచ్చివాడిలా నటించాడు. తలుపుల మీద గీతలు గీశాడు. గడ్డం మీదికి చొంగ కార్చుకున్నాడు. (నోబులో తీసుకున్న కత్తి ఆ సమయంలో ఏమైందో గ్రంథం చెప్పదు. నాకెప్పుడూ ఆ కుతూహలమే.)

సండే స్కూలు లెక్కలో ఇది విశ్వాసం తప్పిపోయిన రోజు కావాలి. కానీ 56వ కీర్తన శీర్షిక చూడండి: ఫిలిష్తీయులు గాతులో దావీదును పట్టుకున్నప్పటిదని ఉంటుంది. ఆ కీర్తనలో దావీదు భయం పోయాక దేవుణ్ణి నమ్ముతాననడు. భయం వేసిన రోజే ఆయన్ని ఆశ్రయిస్తానంటాడు. భయం, నమ్మకం ఒకే రోజున, ఒకే గుండెలో ఉన్నాయి. ఎంచుకోమని దావీదును ఎవరూ అడగలేదు.

ఏలీయా సంగతి ఇంకా స్పష్టం. కర్మెలు కొండ మీద 450 మంది బయలు ప్రవక్తలను ఒంటరిగా ఎదిరించిన మనిషి, యెజెబెలు కబురు ఒక్కటి అందేసరికి ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెత్తాడు. బెయేర్షెబాలో పనివాణ్ణి వదిలేసి, అరణ్యంలోకి ఒక రోజు దూరం నడిచి, ఒక చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. అప్పుడు దేవుడు చేసిందేమిటి? నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె ఉంది, కూజాలో నీళ్లున్నాయి. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. విశ్వాసం గురించి ఒక్క మాట లేదు. నిన్నగాక మొన్న అగ్ని దిగిరావడం చూసినవాడివి ఇలా పారిపోతావా అన్న దెప్పిపొడుపు లేదు. మనవాళ్లలో ఎవరైనా ఆ దూత స్థానంలో ఉంటే రొట్టె సంగతి తర్వాత, ముందు ఒక వాక్యం కంఠతా పట్టించేవారు.

గిద్యోను బయలు బలిపీఠాన్ని రాత్రిపూట పడగొట్టాడు, పగలు చేయడానికి భయం కాబట్టి. శత్రువుల దండులోకి దిగడానికి భయమైతే పనివాడు పూరాను వెంట తీసుకెళ్లమని దేవుడే చెప్పాడు. గిద్యోను పూరాను తీసుకునే వెళ్లాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. తుపానులో పడవ ఊగుతుంటే ఎందుకు భయపడుతున్నారని యేసే అడిగాడు కదా? అడిగాడు. మార్కు చెప్పిన వరసలో ముందు గాలి ఆగింది, తర్వాత ప్రశ్న వచ్చింది. మత్తయి వరసలో ముందు ప్రశ్న, తర్వాత గాలికి గద్దింపు. ఏ వరస తీసుకున్నా, శిష్యులు భయం మానేదాకా తుపానును ఆపకుండా ఉండలేదు. పేతురు నీళ్ల మీద మునిగిపోతూ కేక వేసినప్పుడు వెంటనే చెయ్యి అందింది, అల్పవిశ్వాసం గురించిన మాట ఆ తర్వాత వచ్చింది. మనం పిల్లలకు మాట ముందు అందిస్తున్నాం. చెయ్యి సంగతి చాలాసార్లు మర్చిపోతున్నాం.

పిరికి ఆత్మను దేవుడు ఇవ్వలేదని తిమోతికి పౌలు రాసిన వాక్యం మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. పౌలు అది రాసింది సాక్ష్యం విషయంలో సిగ్గుపడవద్దని ఒక సంఘ సేవకుడికి. చీకట్లో బాత్రూముకు వెళ్లలేని అయిదేళ్ల పాపకు కాదు. అదే పౌలు కొరింథు వాళ్ల దగ్గరికి బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతూ వచ్చానని తనే ఒప్పుకున్నాడు. ఆ వాక్యం ఏ చార్టు మీదా కనిపించదు. భయపడవద్దన్న మాట బైబిల్లో 365 సార్లు, అంటే రోజుకొకటి, ఉందని వేదికల మీద చెబుతుంటారు. ఏ పదసూచిక తిరగేసినా ఆ లెక్క తేలదు. తేలినా, అది ఎక్కువగా ఇప్పటికే భయంతో ఉన్నవాళ్లతో చెప్పిన ఊరడింపు. ఆ ఊరడింపును ఆజ్ఞగా మార్చి, ఆజ్ఞ మీరిన తప్పు పిల్లల మీద మోపుతున్నాం.

ఇంతకీ భయాన్ని వెళ్లగొట్టేది ఏమిటో యోహాను తన మొదటి పత్రికలో సూటిగా చెప్పాడు. ప్రేమ. విశ్వాసం అనలేదు. భయానికి శిక్షతో సంబంధం ఉంటుందని కూడా అక్కడే అన్నాడు. ఇది చదివినప్పుడల్లా మన ఇళ్లల్లో రాకడ గురించి, అంటే యేసు తిరిగొచ్చి విశ్వాసులను ఎత్తుకుపోయే రోజు గురించి, చెప్పే తీరు గుర్తొస్తుంది. అబద్ధమాడితే ఎత్తబడవు, అమ్మానాన్నలు వెళ్లిపోతారు, నువ్వు ఒక్కడివే మిగిలిపోతావు అని చెబుతారు. బడి నుంచి వచ్చేసరికి అమ్మ కనిపించకపోతే రాకడ జరిగిపోయిందేమోనని బిక్కచచ్చిపోయిన అనుభవం క్రైస్తవ కుటుంబాల్లో పెరిగిన చాలామందికి ఉంది. పక్కింట్లో కూర కోసం వెళ్లిన అమ్మ తిరిగొచ్చే దాకా ఆ పిల్లలకు నరకమే. రాత్రి కూటంలో భయం నూరిపోసి, ఆదివారం పొద్దున భయపడటం అవిశ్వాసమని పాఠం చెబితే పిల్లలు ఏం ఎంచుకోవాలి?

కొడుకును బలి ఇవ్వడానికి అబ్రాహాము తీసుకెళ్లిన మోరీయా కొండ కథా అంతే. అబ్రాహాము విశ్వాసం గురించి పెద్దవాళ్లు పెద్దవాళ్ల కళ్లతో చెబుతారు. వినే ఆరేళ్ల పిల్లాడు ఉన్నది కట్టెలు మోసుకుంటూ గొర్రెపిల్ల ఏదని తండ్రిని అడిగిన ఇస్సాకు పక్కన. ఈ కథను విశ్వాసానికి నమూనాగా పసిపిల్లలకు చెప్పేవాళ్లు ఆ రాత్రి వాళ్ల పక్కన పడుకుని చూడాలి.

దానియేలు గ్రంథంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో కథ చెప్పేటప్పుడు కూడా ఒక ముక్క జారిపోతుంది. ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో, దేవుడు తమను రక్షించగల సమర్థుడని చెప్పి, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అని అన్నారు వాళ్లు. ఆ 'ఒకవేళ' తీసేస్తే మిగిలేది, నమ్మితే అగ్గి కాల్చదన్న బేరం. పదో తరగతి పరీక్షల ముందు పెన్నుల మీద, హాల్ టికెట్ల మీద ప్రార్థన చేయించుకుని వచ్చిన పిల్లాడికి మార్కులు తగ్గితే ఆ బేరంలో తప్పిందెవరని వాడు అనుకుంటాడు? తన విశ్వాసమే చాలలేదనుకుంటాడు. ఆ మాట ఎవరికీ చెప్పడు.

నా అసలు బెంగ ఆ చెప్పకపోవడం గురించే. భయం పిల్లల ఒంటికి కాపలా. ఏదో ఒక మామయ్య ఒళ్లో కూర్చోవాలంటే, ఏదో ఒక గదిలోకి వెళ్లాలంటే పిల్లకు భయమేస్తోందంటే ఆ భయం మనకు ముందుగా తెలియాలి. పిల్లలపై లైంగిక నేరాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఫిర్యాదు దాకా వెళ్లాలంటే ముందు పిల్ల ఎవరో ఒకరితో నోరు విప్పాలి. భయపడితే యేసయ్యకు ఇష్టం ఉండదని నేర్చుకున్న పిల్ల నోరు విప్పుతుందా? భయాన్ని పాపాల పద్దులో రాసినవాళ్లు ఆ పిల్ల నోటికి తాళం వేసినట్టే.

అలాగని పసివాళ్లకు బైబిలు కథలు చెప్పొద్దని నేను అనను. 1954లో రోములో సోఫియా కావల్లెత్తి, జాన్నా గొబ్బి అనే ఇద్దరు స్త్రీలు మాంటిస్సోరి పద్ధతిలో చిన్నపిల్లలకు బైబిలు చెప్పడం మొదలుపెట్టారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు మళ్లీ మళ్లీ మంచి కాపరి ఉపమానం దగ్గరికే వెళ్లడం వాళ్లు గమనించారు. యోహాను సువార్త 10వ అధ్యాయంలోని ఆ ఉపమానంలో తోడేలు ఉంది, దొంగ ఉన్నాడు. గొర్రెలు ధైర్యం తెచ్చుకోవాలన్న షరతు లేదు. ప్రతి గొర్రెనూ కాపరి పేరు పెట్టి పిలుస్తాడు, తోడేలు వస్తే విడిచి పారిపోడు. ఆ వయసు పిల్లలకు అందులో దొరికింది భరోసా.

టీచర్లు ఒక మాట అంటారు: ఇరవై నిమిషాల క్లాసులో ఇదంతా ఎక్కడ చెప్పగలం అని. దావీదుకు రెండు ఆదివారాలు ఇవ్వండి. మొదటి వారం ఏలా లోయ, రెండో వారం గాతు. గాతు అయ్యాక దావీదుకు ఎందుకు భయమేసిందని అడిగి, మీకెప్పుడు వేస్తుందని పిల్లల్నే చెప్పనివ్వండి, మధ్యలో వాక్యం అందించకండి. టైము మిగిలితే 22వ అధ్యాయం మొదటి రెండు వచనాలు చెప్పండి. అందులో దావీదు అదుల్లాము గుహలో దాక్కుంటాడు. అతని అన్నలు, ఇంటివాళ్లందరూ ఆ గుహకే వస్తారు. అప్పులపాలైనవాళ్లు, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, మనసు విరిగినవాళ్లు ఇంచుమించు 400 మంది అతని చుట్టూ చేరతారు.