సమాంతర గణన సాఫ్ట్‌వేరు: ఎంపికలు తగ్గాలి, దాపరికం ఉండరాదు

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన కృష్ణా డెల్టాకు తుపాను సూచన ఎంత ముందుగా చేరుతుందన్నది ప్రాణాలకు, పంటకు సంబంధించిన విషయం. పండిన వరిని వెంటనే కోయాలా, ఆగాలా అన్న మన సలహా కూడా ఆ గడువుపైనే ఆధారపడుతుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ వంటి ఉచిత వాతావరణ నమూనాలతో నేడు వ్యవసాయ విద్యార్థులు సైతం ఇట్టి సూచనలను అధ్యయనం చేయవచ్చును. అయితే ఆ సాఫ్ట్‌వేరును తమ కంప్యూటరుపై నిర్మించుకొనుటలోనే పలువురు ఆగిపోతున్నారు.

ఈ నమూనా ఒక ప్రాంతాన్ని తునకలుగా విభజించి ఒక్కొక్క ప్రాసెసరుకు ఒక్కొక్క తునకను అప్పగిస్తుంది. తునకల సరిహద్దుల వద్ద గాలి, తేమ విలువలను ఇచ్చిపుచ్చుకొనే పనిని ఓపెన్ ఎంపీఐ వంటి లైబ్రరీ నిర్వహిస్తుంది. ఏ కంపైలరు, ఒకే ప్రాసెసరా, ఉమ్మడి మెమరీయా, విడి మెమరీయా, రెండూనా అంటూ పదుల వరుసల పట్టిక విద్యార్థి ముందు నిలుస్తుంది. లైబ్రరీకి ఉన్న ఎంపికలు వీటికి అదనం.

ఇక్కడ జరిగిన పొరపాటు వెంటనే బయటపడదు. ఒక ఎంపీఐతో నిర్మించిన నమూనాను మరొక ఎంపీఐ ఆదేశంతో నడిపితే, ఎనిమిది ప్రాసెసర్లు పనిని పంచుకొనుటకు మారుగా, ఎనిమిదీ అదే పనిని విడివిడిగా చేయవచ్చును. కంప్యూటరు పూర్తి వేగంతో శ్రమిస్తున్నట్లే కనబడుతుంది, ఫలితం మాత్రం ఆలస్యమవుతుంది.

కావున ఎంపికలను తగ్గించడం సమంజసమే. ఎంపీఐ ప్రమాణం 2012లో విడిచిపెట్టిన సీ ప్లస్ ప్లస్ అనుసంధానాన్ని ఓపెన్ ఎంపీఐ తన 5.0 సంచికలో తొలగించింది. దానితో పాటే దానికి సంబంధించిన ఎంపికా పోయింది. వాడుక తప్పినదాన్ని మోయనక్కరలేదు.

అయితే సరళీకరణకు ఒక హద్దు ఉన్నది. గుడివాడ పరిసరాలకు సరిపడే వరి సిఫారసును నాగాయలంక, కోడూరుల చౌడు భూములకు యథాతథంగా ఇవ్వలేము. అక్కడ మచిలీపట్నం పరిశోధన స్థానపు ఎంసీఎం 100 వంటి చౌడును తట్టుకొనే రకం కావాలి. సాధారణ సిఫారసు ఒక్కటే ఉండవచ్చును. అది ఎక్కడ వర్తించదో చెప్పకపోతే రైతు నష్టపోతాడు. సాఫ్ట్‌వేరు విషయమూ ఇంతే. ఓపెన్ ఎంపీఐ పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. మనము కోరని నెట్‌వర్కు సదుపాయం దొరకకపోతే దానిని వదలి ముందుకు సాగుతుంది. పేరుపెట్టి కోరినది దొరకకపోతే నిర్మాణాన్ని ఆపివేస్తుంది. చివర ఏవేవి చేరినవో సంగ్రహంగా చూపుతుంది. ఎంపికలు ఎన్ని తగ్గినను ఈ రెండు గుణాలు పోరాదు.

మన వంతు కర్తవ్యమూ ఉన్నది. ప్రతి ప్రయోగశాల పరీక్షించిన ఒక నిర్మాణ విధానాన్ని సంచికల సంఖ్యలతో సహా వ్రాసి ఉంచాలి. నమూనాను మొదట ఒక ప్రాసెసరుపై, తర్వాత నాలుగింటిపై నడిపి సమయాలను పోల్చాలి. సమయం తగ్గకపోతే నిర్మాణాన్ని అనుమానించాలి. విత్తన రకాన్ని, ఎరువు మోతాదును నమోదు చేయని పొలం ప్రయోగాన్ని మనము అంగీకరించము. నిర్మాణ వివరాలు లేని నమూనా ఫలితాన్ని కూడా సిద్ధాంత గ్రంథాలలో అంగీకరించరాదు.