అంగడి ముందు కట్ట

‘రచ్చ’ అన్న మాటకు పట్టిన గతిని తలచుకొంటే తెలుగు చదువుకొన్నవాడికి బాధ కలగక మానదు. సంస్కృతంలోని ‘రథ్య’కు తద్భవమిది. వీధి అనీ, నలుగురు కూడే చోటు అనీ అర్థం. మా కర్నూలు పడమటి సీమలో ఊరి నడుమ చెట్టు చుట్టూ కట్టిన అరుగును రచ్చకట్ట అంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దల మాటలో ఉన్నదీ ఆ రచ్చే. నేడో, ‘రచ్చ చేశాడు’ అంటే గొడవ చేశాడని! నలుగురు కూడితే గొడవే అవుతుందన్న భయం భాషలోకి కూడా దిగివచ్చిందన్న మాట. ఆ భయం గట్టిగా పట్టుకొన్నది చిన్న అంగళ్ళవారిని.

ప్రతి చిన్న అంగడి ముందూ కొనేవాళ్ళు కూర్చొని మాట్లాడుకోవడానికి ఒక కట్ట ఉండాలని నా వాదం. అంగడాయనతో మాట్లాడటానికి కాదు సుమా! కొనేవాడు కొనేవాడితో మాట్లాడటానికి.

మా దేవనకొండలో ఒక విత్తనాల అంగడిని ఊహించుకోండి. తొలకరికి ముందు రైతు వచ్చి పత్తి విత్తనాలు కొనుక్కొని పోతాడు. మొలక సరిగా రాదు. ఒంటరిగా ఉన్నవాడు తన్ను తానే నిందించుకొంటాడు. అదను తప్పిందేమో, విత్తు లోతుగా పడిందేమో, పదును చాలలేదేమో అని. పక్క ఊరి రైతు చేలోనూ అదే జరిగిందని అతనికి తెలిసేదెట్లా? ఇద్దరూ ఆ కట్ట మీద కలుసుకొని, సంచుల మీది లాట్ నంబర్లు సరిచూసుకొంటే సగం చిక్కు విడిపోతుంది. నంబరు ఒకటే అయితే అనుమానం విత్తనం మీదికి పోతుంది. బిల్లూ, ఖాళీ సంచీ పట్టుకొని ఇద్దరూ కలిసి వ్యవసాయాధికారి దగ్గరికి వెళతారు. నంబర్లు వేరైతే లోపం సేద్యంలో ఉందేమోనని వెతుక్కొంటారు. విత్తనపు ఖరీదు ఒక్కటే కాదు ఇక్కడ పోయేది. వానను నమ్ముకొన్న నేలలో అదను పోతే ఆ ఏడు పోయినట్లే.

మాట బయటికి పొక్కని చోట బేరం ఎవరికి లాభమో ఈ సీమవాళ్ళకు చెప్పనక్కరలేదు. జొన్నగిరి, పెరవలి ప్రాంతాల్లో తొలకరి వానలకు చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారు. రాయి దొరికినవాడు గుట్టుగా వ్యాపారి దగ్గరికి పోతాడు. పక్కవాడికి అటువంటి రాయికి ఎంత ముట్టిందో అడగలేడు, తనకెంత వచ్చిందో చెప్పలేడు. ఇక ధర చెప్పేది ఎవరు? పాత సంతల్లో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకొని ధర కుదుర్చుకొనే పద్ధతి ఉండేది. అమ్ముకోవడానికి వచ్చిన రైతు పక్కనే నిలబడి గుడ్డను చూడవలసిందే! 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ నియంత్రిత మార్కెట్లు కావాలని సిఫార్సు చేసింది, 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. ఆదోని పత్తి మార్కెట్టుకు వెళ్ళిన రైతు నేడు పక్క కుప్పకు ఎంత పలికిందో తెలుసుకొనే ఇంటికి వస్తాడు.

అంగడాయనకు దీనివల్ల ఏమి ఒరుగుతుందని అడుగుతారేమో. లండనులో ఎడ్వర్డ్ లాయిడ్ అని ఒకాయన 1680ల నాటికే కాఫీ అంగడి పెట్టుకొన్నాడు. ఓడల యజమానులు, నావికులు, వర్తకులు అక్కడ కూర్చొని ఏ ఓడ చేరిందో, ఏది మునిగిందో చెప్పుకొనేవారు. లాయిడ్ ఆ ముచ్చట్లను ఆపలేదు సరికదా, 1696లో ఓడల వార్తలతో ఒక పత్రిక కూడా వేశాడు. ఆయన బీమా వ్యాపారి కాడు, కాఫీ అమ్ముకొన్నవాడు. ఆయన పోయింది 1713లో. ఆయన బల్లల దగ్గర మొదలైన నౌకా బీమా బేరం నేటికీ ఆయన పేరు మీదే సాగుతున్నది.

అంత దూరం ఎందుకు? ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఉంది. సహకార సంఘమంటే నేసేవాడు కూలివాడే కాడు, సభ్యుడు. మహాజన సభలో లేచి లెక్క అడిగే హక్కు ఉన్నవాడు. ఆ సోమప్పగారికి 1954లో పద్మశ్రీ వచ్చింది.

ఈ మాటలే ఆ మధ్య ఒక పూర్వవిద్యార్థితో అన్నాను. ఎరువులు, విత్తనాల అంగడి పెట్టబోతున్నాడు. “సార్, నలుగురూ కూచుంటే నా అంగడి గురించే చెడ్డ మాట్లాడుకుంటారు గదా!” అన్నాడు.

“ఆ మాటలు టీ అంగడి దగ్గర ఎట్లాగూ అనుకొంటున్నారు నాయనా. నీ ముందర అంటే నీకూ వినబడతాయి” అన్నాను.

కట్ట వేసినంతనే జనం వచ్చి కూర్చోరు. ఖాళీ కట్టను చూసి ఎవరూ ఆగరు. నలుగురు అనుభవమున్న రైతులను మొదట తానే పిలిచి కూర్చోబెట్టాలి. అయితే తన సరుకును పొగడటానికి సొంత మనుషులను కూర్చోబెట్టకూడదు. పల్లెటూరివాళ్ళు అది ఒక్క పూటలో కనిపెడతారు, తరువాత అక్కడ కుక్క కూడా పడుకోదు. కులం, పార్టీ ఎత్తినవాణ్ణి మర్యాదగా లేపి పంపాలి. సరుకు బాగాలేదన్నవాణ్ణి మాత్రం లేపకూడదు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు! నిందకు ఆ పూటే జవాబు చెప్పాలి, తెలియకపోతే ‘కనుక్కొని రేపు చెబుతాను’ అనాలి, రేపు నిజంగా చెప్పాలి. ఒకే ప్రశ్న పదిమంది అడుగుతారు గనుక జవాబును నల్లబల్ల మీద రాసి గోడకు తగిలించమన్నాను. (ఇన్నేళ్ళు సుద్దముక్క పట్టిన చేయి ఇంకేమి సలహా ఇస్తుంది?)

‘చర్చ’ అన్న మాటకు పూత అనే అర్థం కూడా ఉంది. చందనచర్చ అంటే ఒంటికి గంధం పూసుకోవడం. మంచి చర్చ చల్లగానే ఉంటుందని అతనికి చెప్పబోయి, బేరగాడికి ఈ వ్యాకరణమెందుకని ఊరుకొన్నాను. అతను లెక్క వేస్తున్నాడు. బేతంచెర్ల నాపరాళ్ళు నాలుగు, రెండు వరుసల ఇటుకలు, కొంచెం సిమెంటు. అంగడి పడమటి ముఖం కనుక మధ్యాహ్నం తరువాత కూర్చోలేరు, రేకు వేయాలి. రేకుకు డబ్బు చాలదంటే వేపమొక్క నాటమన్నాను. అది నీడ ఇచ్చేదాకా ఏమి చేయాలని అడిగాడు. పొద్దున పూట కూర్చోబెట్టమన్నాను.