వీలీ విద్యకు వీధి తగదు

మోటారు సైకిలు ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, వెనుక చక్రం మీదనే బండిని నడిపే ‘వీలీ’ విన్యాసంపై నేటి యువకులలో మోజు కనబడుతున్నది. పెద్దలు దీనిని పోకిరితనమని ఒక్క మాటతో కొట్టివేస్తున్నారు. యువకులు వీరత్వమని మురిసిపోతున్నారు. నా దృష్టిలో ఈ రెండు అభిప్రాయాలూ సరియైనవి కావు. వీలీ ఒక విద్య. అయితే ప్రతి విద్యకూ తగిన స్థలమొకటి ఉన్నది. దీనికి వీధి తగదు.

వేగం ఒక్కసారిగా పెంచినప్పుడు బరువు వెనుక చక్రంపైకి మళ్లి, బండి ముందు భాగం తేలికవుతుంది. మరికొంత శక్తి తోడైతే చక్రం లేస్తుంది. లేపడం సులభమే, నిలపడం కష్టం, క్షేమంగా దించడమే అసలు పరీక్ష. తూకం తప్పితే బండి వెనుకకు తిరగబడుతుంది. ఆ క్షణంలో కుడి పాదం వెనుక బ్రేకును తగుమాత్రంగా నొక్కగలిగితేనే ముందు చక్రం నేలకు దిగుతుంది. కనుక లేపడం కన్నా ముందు దించడం నేర్వవలె. గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో సైనికులు మోటారు సైకిళ్లపై చేసే విన్యాసాలకు మనమందరం చప్పట్లు కొడతాము. కాని వారి వెనుక దీర్ఘమైన శిక్షణ ఉన్నది. ఆ మార్గంలో ఆ సమయాన బస్సులు తిరగవు, బడిపిల్లలు అడ్డు రారు.

మన వీధి అట్టిది కాదు. బండిని దారి మళ్లించేది ముందు చక్రం. వేగాన్ని అరికట్టడంలో అధిక భాగం ముందు బ్రేకుదే. చక్రం గాలిలో ఉన్నంతసేపు ఆ రెండూ నిరుపయోగం. అంతలో ఒక వృద్ధురాలు రోడ్డు దాటవచ్చినచో? తన ప్రాణం తన ఇష్టమని వాదించే యువకుడు ఆమె ప్రాణాన్ని ఎవరి అనుమతితో పణంగా పెట్టినట్లు? తోటి మానవుల హక్కులను ‘హుకూకుల్ ఇబాద్’ అని పేర్కొని, వాటిని కాపాడుట విధి అని ఇస్లాం బోధిస్తున్నది. ప్రార్థనలో గడపవలసిన షబే బరాత్ రాత్రి, బండ్ల పందేల భయంతో హైదరాబాదు పోలీసులు పలుమార్లు ఫ్లైఓవర్లను మూసివేయవలసి రావడం మనకు తలవంపు కాదా?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బాలుడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా సంరక్షకునికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చును. బాలునికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు లభించదు. చట్టం కఠినమైనదే. కాని భయం ఒక్కటే మనిషిని మార్చదు. నిషేధించబడిన కోరిక నిర్జనమైన రహదారిని వెతుక్కుంటుంది.

కావున కాలేజీ కమిటీవారికి ఒక మనవి. నోటీసు బోర్డుపై హెచ్చరిక అంటించి ఊరుకోక, సెలవు దినాలలో మైదానంలో కొంత భాగం కేటాయించండి. 18 ఏళ్లు నిండి లైసెన్సు ఉన్న విద్యార్థులకు, హెల్మెట్టుతో, అనుభవజ్ఞుని పర్యవేక్షణలో, బండిని అదుపు చేయడం, బ్రేకు వాడడం నేర్పించండి. ఆ పునాది పడిన పిమ్మటనే విన్యాసం మాట.

విద్యార్థి సోదరులారా! ధైర్యాన్ని ఎవరూ వదులుకొమ్మనడం లేదు. మైదానం లభించేవరకు రెండు చక్రాలనూ నేలమీదనే ఉండనివ్వండి.