ట్రేలన్నీ గ్రైండర్ ముందే

బాలానగర్‌లో ఓ చిన్న షెడ్డుకి నేను సూపర్‌వైజర్‌గా ఉన్న రోజుల మాట. నాలుగు లేత్‌లు, రెండు మిల్లింగ్ మిషన్లు, ఒకే ఒక్క సర్ఫేస్ గ్రైండర్ (పిండి రుబ్బేది కాదు సుమా!). ఆర్డర్లు టైముకి వెళ్లడం లేదని ఓనరుగారు తల పట్టుకుంటే, "సీఎన్‌సీ తెద్దాం సార్, ఏ పనైనా చేస్తుంది" అని సలహా ఇచ్చింది నేనే. అప్పు చేసి తెచ్చారు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టాం.

రెండు నెలలు తిరిగేసరికి డెలివరీలు ఇంకా ఆలస్యం! కొత్త మిషను చకచకా చేసి పడేసిన ముక్కలన్నీ గ్రైండర్ ముందు ట్రేలలో కుప్ప పడ్డాయి. దాని మీద చెయ్యి తిరిగినవాడు ఒక్కడే. సంక్రాంతికి ఊరెళ్లి, జ్వరమొచ్చి పది రోజులు రాలేదు. ఆ నెల అందరికీ సగం జీతాలే. ఓనరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మిషను రకరకాల పనులు చేయగలగడం ఒకటి. ఒక మిషను ఆగితే అదే పనిని ఇంకో దారిన పంపగలగడం వేరు. మనిషికి రెండు మిషన్లు రావడం ఇంకా వేరు. మేం మొదటిదానికి లక్షలు పోశాం. మాకు లేనిది మూడోది.

అలాగని అందరికీ అన్నీ నేర్పక్కర్లేదు. జనరల్ మోటార్స్‌కి చెందిన విలియం జోర్డన్, ఎంఐటీ ప్రొఫెసర్ స్టీఫెన్ గ్రేవ్స్ 1995లో లెక్కగట్టి చూపించారు. ఒక్కో ప్లాంటు రెండేసి మోడళ్లు చేయగలిగి, అవన్నీ గొలుసులా కలిసి ఉంటే చాలట. ప్రతి ప్లాంటూ అన్నీ చేస్తే వచ్చే లాభం దాదాపుగా అందులోనే వచ్చేస్తుంది. ఇక టయోటాలో 1000 టన్నుల ప్రెస్సుకి డై మార్చడానికి 4 గంటలు పట్టేది. షిగియో షింగో దాన్ని 3 నిమిషాలకు దించాడు. మిషను నడుస్తుండగానే సర్దిపెట్టుకోగల పనులు ముందే చేసేయడం అందులో పెద్ద కిటుకు. మా సెటప్‌లో సగం టైము స్పానర్ వెతకడానికే పోయేది.

మిల్లింగ్ కుర్రాడికి గ్రైండింగ్ నేర్పమంటే పాతాయన ససేమిరా అన్నాడు. "నా పని వాడికొస్తే రేపు నన్నెందుకు ఉంచుతారు సార్?" నా దగ్గర జవాబు లేదు. ఓనరుగారు అతని జీతం పెంచి, ఇద్దర్నీ చెరో షిఫ్టులో వేస్తానని మాటిచ్చాకే నేర్పాడు.

కుర్రాడు మొదటి వారం పదకొండు ముక్కలు పాడుచేశాడు. పాతాయన వాటిని స్క్రాప్‌లో వేయనివ్వలేదు. వరుసగా బెంచీ మీద పేర్చి, ఏది ఎక్కడ చెడిందో ఒక్కొక్కటీ చూపించాడు.