బోర్డు మీద పేరు మనదే, బడి మాత్రం చేజారుతున్నది

వడ్లు, యూరియా, కాంటాల ముచ్చట ఈసారి పక్కన పెడుతున్న. సర్కారు బడి గురించి రాస్తున్న. పోస్టు జర పొడుగుంటది. పొద్దుగూకి ఇంటికొచ్చినంక తీరికగా చదువుండ్రి, తిట్టాలనిపిస్తే కింద తిట్టుండ్రి.

ముందుగాల ఒక్క మాట అడుగుత. మంజీర మీద ఘనపురం ఆనకట్ట 1905ల కట్టిన్రు. మహబూబ్ నహర్, ఫతే నహర్ రెండూ నిజాం కాలం కాలువలే. అయినా వాటి మీద మనకు ఎంత పట్టు ఉన్నది! సింగూరు నుంచి నీళ్లు వదలడం ఆలస్యమైతే రోడ్డు మీద కూసుంటం, కలెక్టరుకు కాగితం ఇస్తం, ఎమ్మెల్యే కారుకు అడ్డం పోతం. ఆయకట్టు చివర ఎకరం ఉన్న రైతు కూడా నా వాటా ఏదని గల్ల పట్టి అడుగుతడు. మరి ఊరి బడిల ఐదు తరగతులకు ఒక్కడే సారు ఉంటే, మా పిల్లల వాటా సారు ఏడని ఎన్ని ఊర్లు రోడ్డెక్కినయి? పొద్దుగాల ఏడున్నరకు పసుపు బస్సొచ్చి హారన్ కొడితే పిల్లల్ని ఎక్కించుడు, చేనుకు పోవుడు. అంతే.

ఈ బడి మనకు ఎవలో దానం చేసినట్టు మాట్లాడుతున్నరు కొందరు. ఎట్లొచ్చిందో చెప్పాలె.

మా తాతల కాలంల సర్కారు చదువంటే ఉర్దూ. కచ్చేరి కాగితం ఉర్దూ, పహాణీ ఉర్దూ. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీల పాఠం కూడా ఉర్దూలనే. ఇంట్ల తెలుగు మాట్లాడే రైతు బిడ్డకు ఆ బడి మొదటి రోజే పరాయిది. పోనీ మనమే ఊర్ల ఒక తెలుగు బడి పెట్టుకుందామంటే దానికీ సర్కారు అనుమతి కావాలె. ఖాన్గీ బడి అనేటోళ్లు దాన్ని. ఉర్దూ మీద నాకు కోపం లేదు. నేను రోజూ మాట్లాడే మాటలల్ల ఎన్నో ఆ భాష నుంచి వచ్చినవే, ఇప్పటికీ మా ఇంట్ల సంతకాన్ని దస్కతు అనే అంటరు. కానీ తన భూమి కాగితం తాను చదువలేని రైతు గతి ఏమైతదో మీ ఇండ్లల్ల ముసలోళ్లను అడుగుండ్రి. పట్వారీ ఏం రాస్తే అదే. బొటనవేలు పట్టుకొని ముద్ర వేయించుకున్నంక ఎకరం ఎటు పోయిందో తెల్వదు. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్ రాష్ట్రంల చదువొచ్చినోళ్లు వందకు పదిమంది కూడా లేరు. ధరణిల ఒక అక్షరం తప్పు పడితే మీసేవ చుట్టూ తిరిగిన మనకు ఆ బాధ వేరే చెప్పాల్నా?

నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడింది ఎక్కడనుకున్నరు? మన జోగిపేటల. 1930 మార్చి. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాల ఉన్నది గని అప్పుడు మన మెదక్ జిల్లానే. సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. పిల్లలకు తల్లిభాషల చదువు చెప్పాలన్నది ఆ మహాసభ పెద్ద కోరికల్ల ఒకటి. సభ పెట్టుకోవాలన్నా పర్మిషన్ అడుక్కునే రోజులల్ల బడి కోసం కొట్లాడిన్రు వాళ్లు. ఇగ మెదక్ టౌన్ల 1924 క్రిస్మస్ నాడు తెరిచిన మన పెద్ద చర్చి అందరికి తెలుసు. కరువుల జనానికి పని చూపించి కట్టించిన్రు. ఆ మిషన్ వాళ్లు బడులు కూడా నడిపిన్రు. ఊరు అవతల పెట్టిన కులాల పిల్లలు చాలామందికి మొదటి పలక అక్కడ్నే దొరికింది. ఆ మాట ఒప్పుకోవాలె.

అసలు సంగతి 1959ది. అక్టోబర్ 11న నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీరాజ్ మొదలుపెట్టిండు. రాజస్థాన్ తర్వాత రెండో రాష్ట్రం మనదే. ఆ ఏడు వచ్చిన చట్టంతోని చిన్న బడులు పంచాయతీ సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్ కిందికి వచ్చినయి. 1986 చట్టంతోని సమితులు పోయి మండలాలొచ్చినయి, చిన్న బడి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయింది. బోర్డు సరిగ్గ చూడుండ్రి. విద్యాశాఖ బడి అని ఉండదు. జిల్లా పరిషత్, మండల పరిషత్ అనే ఉంటది. అంటే మనం ఓటేసి ఎన్నుకున్నోళ్ల బడి అని అర్థం. దానికి జాగ ఇచ్చింది ఎక్కడో పట్నపోడు కాదు, ఊర్ల రైతే. గోడలు లేసేదాకా గుడి ముంగట, చావిడిల, చెట్టు కింద కూసున్నరు పిల్లలు. ఎడ్లబండ్ల మీద రాళ్లు తోలిన్రు ఊరోళ్లు.

తర్వాత ఏమైంది? బోర్డు అట్లనే ఉన్నది, పెత్తనం పోయింది. సార్ల భర్తీ డీఎస్సీతోని, బదిలీలు హైదరాబాద్ నుంచి, ఏ బడి ఉండాలె ఏది కలపాలె అన్నది కూడా పైనుంచే. 1993ల అమలైన 73వ రాజ్యాంగ సవరణల పంచాయతీలకు అప్పగించదగ్గవని 29 అంశాలు రాసిన్రు. బడి చదువు అందుల ఉన్నది. రాష్ట్రాన్ని ఏలిన ఏ పార్టీ కూడా మనసారా ఇడిసిపెట్టలేదు. జెడ్పీటీసీకి దండలేసి ఊరేగిస్తం, ఆయన చేతుల ఒక్క సారును మార్చే అధికారం కూడా లేదు.

బడి ఎట్ల ఖాళీ అయితదో చూడుండ్రి. నలుగురు పెద్ద రైతుల పిల్లలు ముందు బస్సెక్కుతరు. వాళ్లను చూసి కౌలురైతు ఎక్కిస్తడు. బడిల లెక్క తగ్గుతది. పిల్లలు తక్కువున్నరని ఒక సారును తీసి వేరే ఊరికి పంపుతరు. ఒక్క సారే ఉన్నడని మిగిలినోళ్లు కూడా తీస్తరు. ఆఖరికి కూలికి పోయేటోళ్ల పిల్లలు పదిమంది మిగులుతరు. వాళ్ల తరఫున అడిగే నోరు ఊర్ల ఉండదు. చెరువు కట్టకు చిన్న గండి పడ్డప్పుడే మట్టి వెయ్యకపోతే ఏమైతదో రైతుకు నేను చెప్పాల్నా? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. ప్రాథమిక బడిల 60 మంది దాకా ఇద్దరు సార్లు ఉండాలని అందుల రాసి ఉన్నది. ఆ రూలు పట్టుకొని కొట్లాడిన ఊరు వేళ్ల మీద లెక్క.

ఇంగ్లీషు కోసం పంపుతున్నం అంటరు. 2022-23 నుంచి సర్కారు బడిల కూడా ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టిన్రు, పుస్తకం ఒక దిక్కు ఇంగ్లీషు, ఒక దిక్కు తెలుగు. బాగ నడుస్తుందా అంటే అన్ని చోట్ల లేదు, నిజమే. సార్లకు సరిగ్గ తర్ఫీదు ఇయ్యకుండ పెట్టిన్రు. కానీ బస్సు బడిల ఏం జరుగుతుందో ఎప్పుడన్న క్లాసుల కూసున్నరా? టై కట్టినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. లెక్క చూసుకుందాం. ఇద్దరు పిల్లలకు ఫీజు, బస్సు, పుస్తకాలు, డ్రెస్సులు కలిపి ఏడాదికి 60 వేలు అనుకుందాం. 2024 వానాకాలం సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2300. అంటే 26 క్వింటాళ్లు. ఎకరం పంట పూర్తిగ అమ్మినా సరిపోదు, దుక్కి, కోత, మందుల ఖర్చు తియ్యకముందే. పంట అప్పు బ్యాంకుల తెచ్చి ఫీజు కడుతున్న రైతులు మీలనే ఉన్నరు. రుణమాఫీ ఎప్పుడని అడుగుతం గని, అప్పు ఎందుకైందో ఎవలూ చెప్పరు.

"సార్ల పిల్లలే సర్కారు బడికి రారు, మా పిల్లలెందుకు" అంటరు. ఈ మాటకు నా దగ్గర తియ్యటి జవాబు లేదు. అడగాల్సిన మాటే. 2015ల అలహాబాద్ హైకోర్టు, సర్కారు జీతం తీసుకునేటోళ్లు పిల్లల్ని సర్కారు బడికే పంపాలని తీర్పు కూడా ఇచ్చింది, యూపీల అమలు చేసినోడు లేడు. కానీ ఇంజనీరుకు ఆయకట్టుల పొలం లేదని మనం కాలువ ఇడిసిపెట్టినమా?

మన చేతుల ఉన్నది కూడా చెప్త. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలె. అందుల నాలుగుల మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడోళ్లు. బడికి ఏం కావాల్నో ప్లాన్ రాసేది ఆ కమిటీనే, 22వ సెక్షన్‌ల ఉన్నది. మన ఊర్లల్ల ఆ కమిటీ మీటింగు అంటే రిజిస్టరు ఇంటికి తెచ్చి దస్కతు పెట్టించుకునుడు అయింది. చదవకుండ పెట్టకుండ్రి. పట్వారీ కాలంల మనోళ్లకు చదువు రాదు, ఇప్పుడు మనకు వస్తది కదా.

2016ల జిల్లా విడిపోయినంక డీఈవో ఆఫీసు కోసం సంగారెడ్డి దాకా పోయే పని లేదు, మెదక్‌లనే ఉన్నది. జూన్‌ల బడిబాట పెడుతరు. ఆ వారం లోపల ఊరికి పదిమంది పోయి బడిల హాజరు చూసి, ఎంతమందికి ఎంతమంది సార్లున్నరో రాసుకొని కాగితం తయారు చేయుండ్రి. ఐదేండ్లు నిండిన పిల్లలున్న నలుగురైదుగురు రైతులు కలిసి ఒక్కసారే చేర్పించుండ్రి, ఒక్కొక్కరుగా పోతే సారు రాడు. చేర్పించిన పేర్లు కాగితం మీద పెట్టి, రెండో సారును ఇయ్యమని అడుగుదాం. ఏ ఊరోళ్లు వస్తరో కింద రాయండి, ఒకటే రోజు పోదాం.